చప్పట్లమ్మ పాటల గంట

ఆ వృద్ధుల హోములో ఆవిడ అసలు పేరు ఆఫీసు గుమస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. వచ్చిన కొత్తలో "కొత్త ఆయా" అన్నారు, తర్వాత కొన్నాళ్లు "మిల్లు ఆవిడ" అన్నారు, ఆఖరికి "చప్పట్లమ్మ" దగ్గర స్థిరపడ్డారు. స్థిరపడక చస్తారా? భోజనాలయ్యాక హాల్లో గోడవారగా కుర్చీల్లో కూలబడి కునికిపాట్లు పడే ముసలివాళ్ల మధ్యకి వచ్చి, ఆవిడ రెండు చేతులూ ఎత్తి ఒక్క చప్పట కొట్టిందంటే, నిద్రమాత్ర వేసుకున్నవాళ్లు కూడా ఉలిక్కిపడి లేచి కూర్చునేవాళ్లు. మరమగ్గాల దగ్గర చాకిరీ చేసి మొద్దుబారిన అరచేతులవి. రెండు చెక్కలు కొట్టుకున్నట్టు మోగేవి.

పెళ్లికి ముందే మిల్లులో చేరిందావిడ. పొడవాటి రేకుల షెడ్డు, అందులో వరసలు వరసలుగా మగ్గాలు, మగ్గానికో నాడె, పోగు లాక్కుని పరుగెత్తే కొయ్యముక్క. ఆ నాడెలు అటూ ఇటూ కొట్టుకునే మోతలో పక్కనున్న మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అలాగని ఆడవాళ్లు మాట్లాడుకోకుండా ఉంటారా? పెదాలు చదవడం నేర్చుకున్నారు. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి అత్తగారి మీద చాడీలు, పిల్లల జ్వరాలు, మేస్త్రీ బట్టతల మీద వేళాకోళాలు, అన్నీ శబ్దం లేకుండా సాగిపోయేవి. మేస్త్రీ పాపం తననేదో అంటున్నారని పసిగట్టేవాడు గానీ ఏమంటున్నారో తెలియక గింజుకునేవాడు.

పాటలూ అంతే. ఎవరో ఒకరు ఓ మూల పెదాలు కదిపేవాళ్లు. ఎదురు మగ్గం ఆవిడ అందుకునేది. కాసేపట్లో షెడ్డంతా పాడుతుండేది, ఒక్కరికీ ఒక్క ముక్క వినపడేది కాదు. వినపడని పాట కూడా ఒక పాటేనా అని ఎవరైనా అడిగితే చప్పట్లమ్మ నవ్వేసేది. ఆవిడ లెక్కలో నోరు కదిలితే పాటే. పాటంటే చూసేదని ఒంటికి పట్టేసింది.

మిల్లు మూతపడే నాటికి మొగుడు పోయాడు, కూతురు ఎదిగొచ్చింది. హోములో ఆయా పని దొరికింది. ఒళ్లు తుడవడం, దుప్పట్లు మార్చడం, బట్టలు తొడగడం. అక్కడే ఒకరోజు ఒక చిన్న వింత జరిగింది. ఒకప్పుడు బేకరీ నడిపిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. కన్నకొడుకు వచ్చి నిలబడితే "ఎవరు బాబూ నువ్వు" అనేంత మరుపు. చొక్కా తొడగబోతే చేతులు బిగించేసేవాడు. ఇద్దరు ఆయాలు పట్టుకున్నా లొంగేవాడు కాదు. ఆ పూట చప్పట్లమ్మ బలవంతం చేయడం మానేసి, ఏదో కూనిరాగం తీస్తూ ఆయన చెయ్యి పట్టుకుని ఊరికే ఊపింది. ఊపగా ఊపగా చెయ్యి వదులైంది. దానంతటదే చొక్కా చేతిలోకి దూరిపోయింది. అక్కడితో ఆగలేదు. ఆ రెండు చేతులూ ముందున్న బల్ల మీద వాలి, పిండి పిసకడం మొదలుపెట్టాయి. నొక్కడం, మడవడం, తిప్పడం, మళ్లీ నొక్కడం. కొడుకు ముఖం మర్చిపోయిన మనిషి పిండి మడత మర్చిపోలేదు. తల దువ్వుదామని ఆవిడ ఎత్తిన దువ్వెన గాల్లోనే ఉండిపోయింది. ఈ బడుగు ఒంట్లో ఎవరు దాక్కున్నారు, ఎన్నాళ్లుగా దాక్కున్నారు అనిపించి ఒళ్లు జలదరించింది.

ఆ జలదరింపు ఆవిడకి ఇప్పటిదాకా తగ్గలేదు. అదే ఆవిడ జీవితమైంది.

అప్పటి పాత మేనేజరు మంచివాడు. ఏం చేసుకుంటావో చేసుకోమని మధ్యాహ్నం ఒక గంట ఆవిడకి వదిలేశాడు. దాన్ని పాటల గంట అన్నారు. మిల్లు మూసేటప్పుడు తెచ్చుకున్న రంగు గుడ్డ పీలికలు తలా ఒకటి పంచేది. స్పీకరులో పాట పెట్టేది. తను మధ్యలో నిలబడి చేసి చూపిస్తుంటే అందరూ కుర్చీల్లో కూర్చునే చేసేవాళ్లు. కసరత్తు అంటే ఎవరూ చెయ్యరని ఆవిడకి తెలుసు. అందుకని వాటికి ఇంటి పనుల పేర్లు పెట్టింది. కిటికీ తుడుపు, తాడు లాగుడు, పిండి పిసుకుడు, బట్టలు పిండుడు. భుజం ఎత్తండి అంటే ఎత్తని ముసలమ్మ, పై అద్దం మీద మరక కనపడటం లేదా అంటే అంతెత్తున చెయ్యి లేపేది. మోకాలు కదపనివాళ్లు పాట జోరందుకుంటే పాదాలు ఆడించేవాళ్లు. నెలల తరబడి కిందకే చూస్తుండే తలలు పైకి లేచేవి. ఏ రోజుకారోజు చప్పట్లమ్మ కొత్తగా నోరెళ్లబెట్టేది. తనే చేయిస్తోందని ఆవిడకి ఎప్పుడూ అనిపించలేదు. తన కళ్ల ముందు జరుగుతోందనే అనిపించేది.

ఇక ఆ గంటకి గిట్టని మనిషి ఒకడున్నాడు. పోస్టుమాస్టరుగారు. కాళ్లు పడిపోయి చక్రాల కుర్చీలో ఉన్నా బుర్ర మాత్రం పాదరసం. కాఫీలో చక్కెర తక్కువైందని, గోడ గడియారం నెమ్మదిగా నడుస్తోందని, చివరికి వాన వంకరగా కురుస్తోందని కూడా పేచీ పెట్టగల సమర్థుడు. రెండేళ్ల కిందట భార్యకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. ఆవిడకి చేసిపెట్టే ఓపిక లేక ఇద్దరూ కలిసి ఇక్కడ చేరారు. పొద్దున్నే ఆవిడ పక్కకి కుర్చీ తోసుకొచ్చి, "నిద్ర పట్టిందా?" అని అడుగుతాడు. ఆవిడ ఆయన వంక చూస్తుంది. అవునని గానీ కాదని గానీ రాదు. ఆయనే కాసేపాగి, "పట్టినట్టే ఉందిలే," అని తనే జవాబు చెప్పుకుంటాడు. రెండేళ్లుగా ఆ సంసారంలో రెండు వైపుల మాటలూ ఆయనే మాట్లాడుతున్నాడు.

పాటల గంటకి భార్య కోసమే వచ్చేవాడు. వచ్చి, చెవుల్లో దూది కుక్కుకుని, కళ్లు మూసుకుని ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చునేవాడు. ఎందుకంటే స్పీకరు మోత అలా ఉండేది. "ఇది పాటా, గూడ్సుబండా? కాస్త తగ్గించమ్మా," అని రోజూ మొత్తుకునేవాడు. చప్పట్లమ్మ తనకేమీ వినపడనట్టు చేతులు ఊపుతూనే ఉండేది. మిగతావాళ్లు దాన్ని గడుసుతనం అనుకుని ముసిముసిగా నవ్వుకునేవాళ్లు.

అది గడుసుతనం కాదు. ఆవిడకి నిజంగానే వినపడదు.

మిల్లు మోత కొద్దికొద్దిగా తినేయగా మిగిలిన వినికిడి ఈ నాలుగైదేళ్లలో పూర్తిగా పోయింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చదివి టకటకా జవాబు చెప్పేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కూతురు ఒక్కదానికే తెలుసు. చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది కూడా. మిషను ఇచ్చారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూతురి గొంతు కాస్త గరగరగా వినిపించేది గానీ, హాల్లో పాట పెడితే ఆ మిషన్లోంచి మళ్లీ మిల్లే వినిపించేది. హాలు గుమ్మం దగ్గరే తీసి సంచిలో పడేసేది.

మరి పాటలు ఎలా నడిపేది? ఆ హాలు నేల చెక్కపలకలది. స్పీకరుని తిన్నగా పలకల మీద పెట్టి, మోత పెంచి, చెప్పులు విడిచి నిలబడితే, దరువు అరికాళ్లలోంచి పిక్కల్లోకి ఎక్కేది. దరువు దొరికింది సరే, పాట ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలిగా. దానికి నోళ్లు చూసేది. హాల్లో సగంమంది గొణుగుతూనే ఉండేవాళ్లు, అయితే వాళ్లవి నమ్మదగ్గ నోళ్లు కావు, సగం మాటలు మింగేస్తారు. నమ్మదగ్గ నోరు ఒక్కటే ఉంది. పోస్టుమాస్టరుగారి భార్యది. ఆవిడ ఒక్క మాట తప్పదు. పల్లవి ఎప్పుడు తిరిగొస్తుందో, చరణం ఎక్కడ మొదలవుతుందో ఆ పెదాలకి కొట్టినపిండి. అందుకే ఆవిడ కుర్చీని ఎప్పుడూ ముందు వరసలో, తనకి ఎదురుగా వేయించుకునేది.

ఇలా గుట్టుగా సాగిపోతున్న బండికి కొత్త మేనేజరు అడ్డం పడింది. అలాగని ఆవిడ చెడ్డది కాదు. ముప్పై దాటిన మనిషి, పని మీద శ్రద్ధ గలది, రాత్రి ఇంటికెళ్లాక కూడా ఎవరైనా జారిపడ్డారేమోనని ఫోను చేసి కనుక్కునే రకం. వరండాలో ఒకావిడ కాలు జారి పడటంతో, మళ్లీ అలా జరగకూడదని హాలంతా మందపాటి రబ్బరు చాపలు పరిపించింది. అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు చప్పట్లమ్మ చెప్పులు విడిచి రబ్బరు మీద నిలబడింది. పాట పెట్టింది. అరికాళ్లలోకి ఏమీ రాలేదు. స్పీకరుని మొత్తం పెంచింది. పోస్టుమాస్టరు రెండు చేతులతో చెవులు మూసుకోవడం కనిపించింది గానీ, ఆవిడ కాళ్ల కింద మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఇక మిగిలింది ఎదురుగా కదిలే ఆ ఒక్క జత పెదాలు. వాటినే పట్టుకుని ఈదుకొచ్చింది.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. ఆవిడ అటు తిరిగి తాడు లాగుడు చేయిస్తుంటే, వెనక బేకరీ పెద్దాయన కుర్చీలోంచి మెల్లగా జారిపోతూ కేకేశాడు. పక్కనే ఉన్న ఇంకో ఆయా పరుగెత్తి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. చప్పట్లమ్మ వెనక్కి తిరిగి చూసేసరికి అంతా అయిపోయింది. గుమ్మంలో నిలబడిన మేనేజరు ఆయన్ని చూడటం లేదు, తనని చూస్తోంది.

సాయంత్రం మేనేజరు గదిలోకి పిలిచి మర్యాదగానే మాట్లాడింది. ఇంతమందిని ఒక మనిషి చూసుకోవడం కష్టమవుతోందేమో అంది. రేపు తను కూడా గంటసేపు కూర్చుని చూస్తానంది. కుదరకపోతే పెద్ద టీవీ ఉంది, కసరత్తుల వీడియోలు ఉన్నాయి, ఆయాలు పక్కన నిలబడితే సరిపోతుందంది. ఆ టీవీ సంగతి చప్పట్లమ్మకి తెలియనిది కాదు. ఆవిడ జ్వరంతో రానప్పుడు ఒకసారి అదే పెట్టారు. తెర మీద ఎవరో కుర్రది గంతులేస్తుంటే ముసలివాళ్లంతా చేతులు ఒళ్లో పెట్టుకుని, పాపం ఆ పిల్లకి ఆయాసం రాదా అని చూస్తూ కూర్చున్నారట.

ఇంటికెళ్లి చెప్తే కూతురు అగ్గిమీద గుగ్గిలమైంది. దాచడం తప్పంది. ఆ పెద్దాయన తల పగిలి ఉంటే ఏమయ్యేదని అడిగింది. అదే మాట చప్పట్లమ్మ దారి పొడుగునా తనని తను అడుగుతూ వచ్చింది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది కూతురు, తల్లి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని.

"రేపొక్క రోజు ఆగవే," అంది చప్పట్లమ్మ. "ఆ గంట పోతే నాకింకేం మిగలదు."

కూతురు తల్లికి అన్నం వడ్డించి తను తినకుండా లేచిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మేనేజరు చెప్పినట్టే వచ్చి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుంది. చప్పట్లమ్మ పీలికలు పంచింది, చప్పట కొట్టింది, స్పీకరు తిప్పింది. మొదటి పాట కిటికీ తుడుపు. ఎదురుగా ఆ పెదాలు కదిలాయి, ఈవిడ చేతులు లేచాయి, హాలంతా చేతులు లేపింది. రెండో పాటా గట్టెక్కింది. మేనేజరు ముఖం చూస్తే ఏమనుకుంటోందో అంతుపట్టలేదు. మూడో పాట తాడు లాగుడు.

అప్పుడే పోస్టుమాస్టరుగారికి ఓపిక నశించింది. దూది కుక్కినా తల బద్దలవుతోంది. స్పీకరుకి దూరంగా పోదామని కుర్చీని విసురుగా వెనక్కి తోసుకున్నాడు. చక్రానికి తీగ చుట్టుకుంది. గోడకున్న ప్లగ్గు ఊడి రబ్బరు మీద పడింది.

పాట ఠక్కున ఆగిపోయింది.

చప్పట్లమ్మ ఆగలేదు. ఆవిడకి ఆగడానికి కారణమేమీ కనపడలేదు. ఎదురుగా పెదాలు కదులుతూనే ఉన్నాయి, పాట నడుస్తూనే ఉంది. హాలు నడిమధ్య నిలబడి, కనపడని తాడుని రెండు చేతులా అందుకుని, భుజాలు వంచి లాగుతోంది. మేనేజరు సగం లేచి నిలబడింది. సంగతి ఆ క్షణంలోనే అర్థమైపోయిందామెకి. పిలుద్దామని నోరు తెరిచింది.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఎందుకంటే హాల్లో ఒక్కరు కూడా ఆగలేదు. చేతులన్నీ చప్పట్లమ్మ చేతులతో కలిసి ముందుకు వెళ్తున్నాయి, వెనక్కి వస్తున్నాయి. రంగు పీలికల గాలి చప్పుడు, ఎవరిదో ఆయాసం, రబ్బరు మీద పాదాల మెత్తటి అడుగులు. ఇంకో చప్పుడు లేదు. ఇంతమంది ముసలివాళ్లు, నిన్నటి సంగతి ఇవాళ గుర్తుండనివాళ్లు, పాట లేకుండా పాటలో ఉన్నారు. గుడిలో కూడా మేనేజరుకి అలాంటి నిశ్శబ్దం ఎదురుపడలేదు.

ఆ నిశ్శబ్దంలోంచి ఒక గొంతు వినిపించింది.

సన్నగా, బొంగురుగా, ముందు వరసలోంచి. మొదట అది గొంతని కూడా తెలియలేదు, కిటికీ రెక్క కిర్రుమంటోందనుకున్నారు. తర్వాత అందులో మాటలు తెలిశాయి. ఒక్కొక్కటీ స్పష్టంగా, వరస తప్పకుండా. పోస్టుమాస్టరుగారు చెవుల్లో దూది లాగి పారేశాడు. తల మెల్లగా పక్కకి తిప్పాడు. భార్య వంక చూశాడు.

ఆవిడ పాడుతోంది. అవుననీ కాదనీ అనలేని మనిషి, మంచినీళ్లు కావాలని అడగలేని మనిషి, చరణం మొత్తం పాడి పల్లవిలోకి తిరిగొచ్చింది. ఆ పల్లవిని వెనక వరస ఆవిడ ఒకరు అందుకున్నారు. బేకరీ పెద్దాయన అందుకున్నాడు, మాటలు రాకపోయినా రాగంతో. ఇంతకాలం స్పీకరు పాడుతుంటే గొణిగినవాళ్లు, స్పీకరు ఊరుకోగానే గొంతు విప్పారు. కొన్ని నెలలుగా ఎవరితోనూ పలకని ఒకావిడ గోడ వైపు చూస్తూనే గట్టిగా పాడేస్తోంది. గుమ్మంలో ఆయాలు చేరారు. వంటగదిలోంచి వంటమనిషి గరిటెతో వచ్చి అలాగే నిలబడిపోయింది. మేనేజరు గోడకి ఆనుకుంది.

ఆ హాల్లో అది వినపడనిది ఒక్క చప్పట్లమ్మకే.

ఆవిడకి కనిపించింది వేరు. ఇవాళ నోళ్లు పెద్దగా తెరుచుకుంటున్నాయి, మంచిదే. పోస్టుమాస్టరు దూది తీసేశాడు, ఇక అరుస్తాడు కాబోలు. మేనేజరు లేచి నిలబడింది, ఏం తప్పు దొరికిందో ఏమో. భయంతో ఇంకాస్త జోరుగా లాగింది. ఎదురుగా పెదాలు ఆగాయి, అంటే పాట అయిపోయింది. చప్పట కొట్టింది. కాసేపట్లో ఆ పెదాలు మళ్లీ కదిలాయి, అంటే తర్వాతి పాట మొదలైంది. కానీ ఇదేం పాట? తను పెట్టుకున్న వరసలో లేదు. ఇంతకుముందు చూసిన పాట కాదు. నడక చూస్తే బట్టలు పిండుడుకి సరిపోయేలా ఉంది. సరే కానిమ్మని పీలిక మెలిపెట్టి పిండడం మొదలుపెట్టింది. అందరూ పిండారు.

ఆ పాట కూడా ముగిశాక నీళ్లు తాగుదామని పక్కకి తిరిగింది. అప్పుడు కనిపించింది ప్లగ్గు.

ఎప్పుడు ఊడింది? ఎంతసేపయింది? హాలంతా తననే చూస్తోంది. మేనేజరు చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. అయిపోయింది, ఇక ఈ గంట తనది కాదు అనుకుంది చప్పట్లమ్మ. పోస్టుమాస్టరు కుర్చీ పక్కనే కింద చతికిలబడింది. ఆయన ఏదో అంటున్నాడు. పెదాలు అదురుతుండటంతో చదవడానికి రాలేదు. మళ్లీ చెప్పమని సైగ చేసింది.

"మా ఆవిడ పాడింది," అన్నాడాయన.

చప్పట్లమ్మకి ఆ మాట అర్థమైంది గానీ, ఆయన ఎందుకంటున్నాడో అర్థం కాలేదు.

"రోజూ పాడుతుందిగా అయ్యగారూ," అంది.

ఆయన అలా చూస్తూ ఉండిపోయాడు. చప్పట్లమ్మ ఆ ముఖం చూసింది, పక్కనున్న ఆయాల ముఖాలు చూసింది. ఎవరికీ తెలియదు. రోజూ తను చూస్తున్నది ఒక్కరూ వినలేదు. ఆ పెదాలు కదలడం చూసినవాళ్లు ముసలితనానికి దవడ ఆడుతోందనుకున్నారు, ఆయన కూడా అలాగే అనుకున్నాడు. ఎలా వింటారు? తనకి దరువు అందాలని తను పెట్టుకున్న మోత అది. ఆ మోత కింద ఈవిడ పాడుతూనే ఉంది, పక్కనే కూర్చున్న మొగుడు చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాడు. ఆ సంగతి తలకెక్కగానే ఉద్యోగం మీది భయం ఎటో పోయింది. దానికంటే పెద్దది వచ్చి మీద పడింది.

మేనేజరు దగ్గరికొచ్చి పక్కన కూర్చుంటే, చప్పట్లమ్మ అడక్కముందే చెప్పేసింది.

"నాకు వినపడదు మేడమ్. చెవులు మిల్లులోనే పోయాయి. ఆ మోత నా కోసమే పెట్టుకున్నాను. దాని కింద ఆవిడ గొంతు నలిగిపోతోందని నాకు తెలియలేదు. నిన్న ఆ పెద్దాయన కేక కూడా నాకు వినపడలేదు."

మేనేజరు కళ్లు తుడుచుకుని, చప్పట్లమ్మకి తన నోరు బాగా కనపడేలా ఎదురుగా జరిగి, మాట మాట విడమరిచి చెప్పింది. దాచిపెట్టడం తప్పేనంది. ఇకమీదట ఒక్కదాన్నే హాల్లో వదలనని, వినేవాళ్లు ఒకరు పక్కన ఉండి తీరాలని చెప్పింది. టీవీ ఊసు ఎత్తలేదు. రేపటి గంటకి కుర్చీలు ఎలా వేయించాలో అడిగింది. చప్పట్లమ్మ కూర్చున్నచోటి నుంచే ముందు వరస ఎక్కడుండాలో చేత్తో చూపించింది.

ఇక పోస్టుమాస్టరుగారు. ఆయన తిడితే పడదామని తల వంచుకుంది. తిట్టాల్సిన మనిషే, అందుకు పూర్తి హక్కున్న మనిషే. ఆయన వంగి, ఆవిడ భుజం తట్టి తల ఎత్తించాడు.

"ఇన్నాళ్లూ ఏమేం పాడిందమ్మా?" అన్నాడు.

చప్పట్లమ్మ చెప్పడం మొదలుపెట్టింది. పడవ పాట, వాన పాట, జోలపాట. వర్షం వచ్చిన రోజు వాన పాట రెండుసార్లు పెడితే రెండుసార్లూ పాడింది. ఆయనకి జ్వరమొచ్చి హాలుకి రాని రోజు మాత్రం పెదాలు కదపలేదు. ఆయన ఒక్కొక్కటీ అడిగి మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. ఇవాళ చివర పాడింది మాత్రం తనకి తెలియదంది చప్పట్లమ్మ. ఎప్పుడూ చూడలేదంది. ఆయన నవ్వాడు, ఆ నవ్వుతోనే కళ్లు నిండిపోయాయి. అది ఏ స్పీకరు పెట్టెలోనూ దొరకదన్నాడు. కొత్త కాపురంలో అంట్లు తోముకుంటూ ఆవిడ సొంతంగా కట్టుకున్న పాట అది, ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

పక్క కుర్చీలో ఆవిడ మొగుణ్ణే చూస్తోంది. మాట మళ్లీ ఎటో వెళ్లిపోయింది. ఎడమ చెయ్యి మాత్రం ఆయన కుర్చీ మీద వేసి ఉంచింది.

చప్పట్లమ్మకి ఒకటి అడగాలనిపించింది. రెండేళ్లుగా ఆ పెదాలని పట్టుకునే బతికింది, ఏ మాట దగ్గర ఎలా విచ్చుకుంటాయో, ఎక్కడ ఊపిరి తీసుకుంటాయో అన్నీ తెలుసు. తెలియనిది ఒక్కటే.

"గొంతు ఎలా ఉంటుంది అయ్యగారూ ఆవిడది?"

ఆయన ఈవిడకి అందేలా ముఖం ఎత్తి, పెదాలు నిదానంగా కదిపాడు.

"బొంగురు గొంతు. పెళ్లయిన కొత్తలోనే చెప్పాను, నీకు పాటలెందుకే అని. పైకి పోదు. చరణం మధ్యలోకి రాగానే ఊపిరి చాలక కిందకి దిగిపోతుంది." భార్య చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "ఇవాళా సరిగ్గా అక్కడే దిగిపోయింది."